‘సీగర్ సెషన్స్’: వందేళ్ల నాటి పాటలతో చేసిన ఆల్బమ్‌ను కొత్తది అనవచ్చా?

క్లుప్తంగా: అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2006లో 13 పాత పాటలతో ఒక ఆల్బమ్ తెచ్చారు. అందులో ఆయన సొంత పాట ఒక్కటీ లేదు. ఆ పాటల్లో చాలావాటిని మొదట ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. నోటి నుంచి నోటికి మారుతూ, దారిలో మాటలు మార్చుకుంటూ వచ్చాయి. ఇలాంటి ఆల్బమ్‌లో కొత్తదనం కోసం వరసల్లో వెతికితే దొరకదు. వాయించిన తీరులో, పాడిన సందర్భంలో, మార్చిన ఒకటి రెండు మాటల్లో అది ఉంటుంది. కాపీరైట్ చట్టం లెక్క మాత్రం వేరు.

పేరున్న రాక్ గాయకుడు తన పాటలు పక్కన పెట్టి తాతల నాటి పాటలు అందుకున్న ప్రతిసారీ శ్రోతలకు ఒకటే సందేహం. ఇది రీమిక్సా, జానపద సంకలనమా, లేక సొంత సరుకు అయిపోయిందా? బాబ్ డిలన్ 1992, 1993 సంవత్సరాల్లో వెంటవెంటనే ఇలాంటి ఆల్బమ్‌లు రెండు చేశారు. నీల్ యంగ్ 2012లో ‘అమెరికానా’ తెచ్చారు. 2025 సెప్టెంబరులో ‘లెడ్ జెప్పెలిన్’ రాక్ బృందం గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ‘సేవింగ్ గ్రేస్’ వచ్చింది. రూట్స్ రాక్ అని పిలిచే ఈ ధోరణి ఆగేలా లేదు.

సినిమా పాటతో పెరిగిన తెలుగు శ్రోతకు తికమక మరికాస్త ఎక్కువ. మనకు పాత పాట అంటే ఫలానా సినిమా, ఫలానా సంగీత దర్శకుడు, ఫలానా గొంతు. అసలు ఏదో తెలుసు కాబట్టి మార్చింది ఎంతో ఇట్టే చెప్పగలం. అమెరికా పాత పాటల్లో చాలావాటికి అలా చూపించగల అసలే లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

సీగర్ పేరు, సీగర్ కట్టని పాటలు

2006 ఏప్రిల్ 25న విడుదలైన స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ పూర్తి పేరు ‘వి షల్ ఓవర్‌కమ్: ద సీగర్ సెషన్స్’. అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్ పేరు పెట్టారు గానీ, ఆయన సొంతంగా కట్టిన పాట అందులో ఒక్కటీ లేదు. అన్నీ ఆయన పాడి జనానికి అలవాటు చేసినవి. అంటే స్ప్రింగ్‌స్టీన్ నమస్కారం పెట్టింది కవికి కాదు, పాటలు మోసుకొచ్చిన మనిషికి.

సీగర్ (1919–2014) తండ్రి చార్లెస్ సీగర్ సంగీత శాస్త్రవేత్త. యువకుడిగా ఉన్నప్పుడు పీట్ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద గీతాల భాండాగారంలో పాటల సేకర్త అలన్ లోమాక్స్ దగ్గర పనిచేశారు. జైళ్లు, పొలాలు, చర్చిలు తిరిగి సేకరించిన రికార్డులు వినడం, వాటిలో మంచివి ఏరడం అక్కడి పని. తర్వాత ‘వీవర్స్’ బృందంతో 1950లో ‘గుడ్‌నైట్ ఐరీన్’ పాడితే అది 13 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. దాన్ని వాళ్లకు అందించిన నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ ఆ విజయం చూడలేదు, 1949 డిసెంబరులోనే కన్నుమూశారు. పాట ఒకరిది, పంట ఒకరిది అన్న ఈ లెక్క ముందు ముందు మళ్లీ ఎదురవుతుంది.

1955లో అమెరికా చట్టసభ కమ్యూనిస్టు వ్యతిరేక విచారణ సంఘం ముందు సీగర్ తన రాజకీయ అభిప్రాయాల గురించి జవాబు చెప్పనన్నారు. 1961లో ఏడాది జైలు శిక్ష పడింది, మరుసటి ఏడాది పై కోర్టు కొట్టేసింది. అయినా 1967 దాకా పెద్ద టీవీ చానళ్లు ఆయన్ని పిలవలేదు. ఆ కాలమంతా ఆయన కాలేజీల్లో, పిల్లల శిబిరాల్లో పాడుతూ తిరిగారు. నిషేధం పెట్టినవాళ్లు ఊహించని ఫలితం ఇది: ఒక తరం మొత్తం ఈ పాటల్ని ఆయన నోట నేరుగా విని నేర్చుకుంది.

స్ప్రింగ్‌స్టీన్ ఈ పాటల వైపు రావడం మాత్రం అనుకోకుండా జరిగింది. సీగర్ గౌరవార్థం 1998లో వచ్చిన ఒక సంకలనానికి ఒక పాట ఇవ్వాల్సి వచ్చి, 1997 నవంబరులో కొందరు వాద్యకారుల్ని న్యూజెర్సీలోని తన పొలం ఇంటికి పిలిచి రికార్డు చేశారు. ఆ రోజు సరదాగా వాయించిన మిగతా పాటలు అలాగే ఉండిపోయాయి. ఏడేళ్లు దాటాక 2005 మార్చిలో ఒక రోజు, 2006 జనవరిలో ఇంకో రోజు కూర్చున్నారు. ఆల్బమ్ మొత్తం ఈ మూడు రోజుల పంట.

ముందు గదిలో ఫిడేలు, నడవలో ఇత్తడి బూరలు

మామూలుగా రాక్ రికార్డింగ్‌లో డ్రమ్స్ ఒక రోజు, గిటార్ ఒక రోజు, గొంతు ఇంకో రోజు విడివిడిగా తీసి అతికిస్తారు. తప్పు వస్తే ఆ ముక్క మళ్లీ తీస్తారు. ఇక్కడ రిహార్సల్ లేదు. బాంజో, ఫిడేలు, అకార్డియన్, నిలువు బేస్, డ్రమ్స్ ముందు గదిలో, చోటు చాలక ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలు నడవలో. అందరూ ఒకేసారి వాయిస్తుండగా నేరుగా రికార్డు చేశారు. ఎవరు ఎప్పుడు అందుకోవాలో స్ప్రింగ్‌స్టీన్ పాట మధ్యలో కేకేసి చెప్పడం కూడా వినిపిస్తుంది.

దీని ఫలితం చెవికి తెలుస్తుంది. సీగర్ ఈ పాటల్ని ఎక్కువగా ఒక బాంజోతో, ప్రతి మాటా స్పష్టంగా, సభకు నేర్పే మాస్టారులా పాడేవారు. డిలన్ తొంభైల్లో చేసిన రెండు ఆల్బమ్‌లూ ఒక గిటారు, ఒక గొంతు, ఒక హార్మోనికా. వింటుంటే పాత డైరీ చదువుతున్నట్టు ఉంటుంది. స్ప్రింగ్‌స్టీన్ మూడో దారి పట్టారు. పెళ్లింటి సందడిలా పదిమందికి పైగా ఒకరి మీద ఒకరు పడి వాయించే దారి. ‘ఎరీ కెనాల్’ అనేది కాలువ పడవలు లాగే కంచరగాడిద గురించి థామస్ అలెన్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కట్టిన పాట, అమెరికా బడిపిల్లల పుస్తకాల్లో ఉండేది. ఆల్బమ్‌లో అది నెమ్మదిగా మొదలై, సగానికి వచ్చేసరికి న్యూ ఆర్లీన్స్ వీధి ఊరేగింపు అవుతుంది. వరసలో స్వరం మారలేదు, సాహిత్యమూ పెద్దగా మారలేదు. మారింది పాట కూర్చున్న చోటు.

ఆల్బమ్ బలం ఇదే, బలహీనతా ఇదే. సందడి ఎక్కువై కొన్నిచోట్ల కథ మునిగిపోతుంది. ‘జాన్ హెన్రీ’ వినేటప్పుడు ఫిడేలు ఊపులో తల ఊపుతామే గానీ, ఆవిరి డ్రిల్లుతో పోటీపడి సుత్తి చేతబట్టుకునే చచ్చిపోయిన సొరంగం కూలీ కథ అది అన్న సంగతి గుర్తుండదు.

బ్లూస్, జానపదం, గాస్పెల్: కలిసిన చోట్లు

మూడింటినీ ఒకే మూటలో కట్టడం అలవాటైపోయింది, కానీ వాటి నిర్మాణం వేరు. జానపద కథాగీతంలో ఒకే వరస మీద చరణాలు సాగుతాయి, కథ ముందుకు నడుస్తుంది. బ్లూస్‌లో మొదటి పాదం అని, అదే మళ్లీ అని, మూడో పాదంతో ముగించే పద్ధతి ఎక్కువ. దాని గుర్తు ‘బ్లూ’ స్వరం: సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో నిలిచే గాంధారం. పియానోలో ఆ మెట్టు లేదు, గొంతులోనూ గిటారు తీగ లాగడంలోనూ ఉంటుంది. గమకం తెలిసిన చెవికి ఇది వింతేమీ కాదు. నల్లవారి చర్చి పాటలో ఒకరు అంటే గుంపు అందుకోవడం ప్రధానం, బతుకమ్మ ఆటలో, భజనలో ఉన్నట్టే. వీటిలో బానిసత్వ కాలం నుంచి నోటి మీద నిలిచినవి స్పిరిచ్యువల్స్, ఇరవయ్యో శతాబ్దంలో పేరున్న రచయితలు కట్టినవి గాస్పెల్.

గోడలు మాత్రం పలచన. మెంఫిస్ గాయకుడు రాబర్ట్ విల్కిన్స్ 1929లో ఒక బ్లూస్ రికార్డు చేశారు. తర్వాత చర్చి పాస్టర్ అయ్యారు. 1960ల్లో అదే వరసకు బైబిల్‌లోని తప్పిపోయిన కుమారుడి కథ కూర్చి ‘ప్రాడిగల్ సన్’గా పాడారు. గాస్పెల్ పితామహుడిగా పేరొందిన థామస్ డోర్సీ అంతకు ముందు ‘జార్జియా టామ్’ పేరుతో కొంటె బ్లూస్ పాడినవాడే.

నిజానికి ‘సీగర్ సెషన్స్’లో అచ్చమైన బ్లూస్ దాదాపు లేదనే చెప్పాలి. స్పిరిచ్యువల్స్, రేవు కూలీల పాటలు, బందిపోటు కథలు, ఐర్లండ్ నుంచి వచ్చిన యుద్ధ వ్యతిరేక గీతం, స్కాట్లండ్‌లో 1549 నాటికే ప్రస్తావన ఉన్న కప్ప పెళ్లి పాట ఉన్నాయి. బ్లూస్‌ను వెతికేవారికి ప్లాంట్ ఆల్బమ్‌లే ఎక్కువ పనికొస్తాయి.

మేడి మీది చెయ్యి గమ్యం మీది చూపుగా

మార్పు ఎలా జరుగుతుందో చూడాలంటే ఒక్క పాట వెంట నడవడం మేలు. నాగటి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూసేవాడు దేవుని రాజ్యానికి తగడని లూకా సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. నల్లవారి చర్చిల్లో ఇది పాటైంది: మేడి వదలకు, పట్టు సడలనీకు. పత్తి పొలాల్లో దున్నినవారికి ఆ పోలిక పుస్తకంలోంచి వచ్చింది కాదు, రోజూ చేసే పని.

1956లో దక్షిణ కెరొలైనా తీరంలోని జాన్స్ ద్వీపానికి చెందిన ఆలిస్ వైన్ ఇందులో మాట మార్చారని చెబుతారు. మేడి మీద చెయ్యి స్థానంలో గమ్యం మీద చూపు వచ్చింది. ‘కీప్ యువర్ ఐస్ ఆన్ ద ప్రైజ్’ అలా పుట్టి పౌరహక్కుల ఉద్యమంలో జైలు గదుల్లో, ఊరేగింపుల్లో మోగింది. వరస పాతదే కాబట్టి ఎవరికీ నేర్పాల్సిన పని లేకపోయింది. మాట కొత్తది కాబట్టి ఎందుకు పాడుతున్నారో అందరికీ తెలిసింది. ఉద్యమాలు పాత వరసల్ని ఎంచుకోవడానికి కారణం ఈ సౌలభ్యమే. తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి ‘బండెనక బండి కట్టి’ నుంచి తర్వాతి జననాట్యమండలి పాటల దాకా పల్లె బాణీలు వాడుకున్న పద్ధతిలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది.

ఇదే పాట రెండు రూపాలూ రాక్ గాయకుల చేతికి వచ్చాయి. డిలన్ 1962లో తన మొదటి ఆల్బమ్‌లో ‘గాస్పెల్ ప్లౌ’గా, పరుగు లాంటి వేగంతో నాగలి పాటనే పాడారు. స్ప్రింగ్‌స్టీన్ ఉద్యమ రూపం ఎంచుకున్నారు. అది గుసగుసలా మొదలై మెల్లగా గుంపు పాటగా పెరుగుతుంది. ప్లాంట్ 2025లో మళ్లీ నాగలి దగ్గరికే వెళ్లి ఆల్బమ్‌ను దానితో ముగించారు. ముగ్గురిలో ఎవరిది అసలు అని అడగడం అర్థం లేని ప్రశ్న. ఎవరు ఏ మెట్టు దగ్గర ఎక్కారు అన్నది అడగదగిన ప్రశ్న.

‘విల్’ను ‘షల్’ చేస్తే ఎంత?

ఆల్బమ్ పేరులో ఉన్న పాట మన బడుల్లో ‘హమ్ హోంగే కామ్‌యాబ్’గా అందరికీ తెలుసు. గిరిజా కుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చారు. దాని వెనక కథ కాపీరైట్ చట్టానికీ జానపద పద్ధతికీ మధ్య ఉన్న ఎడాన్ని చూపుతుంది.

చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అనే నల్లజాతి పాస్టర్ 1900 ప్రాంతంలో దాదాపు ఇదే భావంతో ఒక కీర్తన ప్రచురించారు. 1945–46లో చార్ల్‌స్టన్‌లో పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు, ఎక్కువగా నల్లజాతి మహిళలు, సమ్మె చేస్తూ ‘వి విల్ ఓవర్‌కమ్’ అని పాడారు. అందులో లూసీల్ సిమన్స్ నెమ్మదిగా సాగదీసి పాడిన తీరు ప్రసిద్ధం. వారి నుంచి టెనెసీలో ఉద్యమ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్‌లో జిల్ఫియా హార్టన్ నేర్చుకుని 1947లో సీగర్‌కు నేర్పారు. ‘విల్’ కాస్తా ‘షల్’ అయింది. 1960 ఏప్రిల్‌లో రాలీలో విద్యార్థి ఉద్యమ నేతల సమావేశంలో గై కారవాన్ దీన్ని పాడించారు. 1965 మార్చి 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాంగ్రెస్‌లో ఓటు హక్కు బిల్లు గురించి మాట్లాడుతూ ఆ మాటే పలికారు.

అరవైల ఆరంభంలో హార్టన్, కారవాన్, సీగర్, ఫ్రాంక్ హామిల్టన్ పేర్ల మీద కాపీరైట్ నమోదైంది. వచ్చిన రాయల్టీ హైలాండర్ ద్వారా దక్షిణాది నల్లజాతి సమాజాల కార్యక్రమాలకు వెళ్లే ఏర్పాటు చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ పాట వాడుకోవాలంటే అనుమతి, రుసుము తప్పనిసరి అయ్యాయి. 2016లో ఒక డాక్యుమెంటరీ నిర్మాతలు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ‘విల్’ను ‘షల్’ చేయడం లాంటి చిన్న మార్పులు కొత్త రచన అనిపించుకునేంత సృజన కావని 2017 సెప్టెంబరులో జడ్జి డెనీస్ కోట్ తీర్పిచ్చారు. 2018 జనవరిలో రాజీ కుదిరి పాట అందరిదీ అయింది.

తీర్పు చట్టం లెక్కలో సరైనదే. పాట లెక్కలో మాత్రం ఆ ఒక్క అక్షరం చిన్నది కాదు. నోరు తెరిచి నిలబెట్టి పాడటానికి ‘షల్’ అనువైనదని పాడేవారికి తెలుసు. జానపద పద్ధతి మొత్తం ఇలాంటి చిన్న మార్పుల మీదే నడుస్తుంది. చట్టం ఆ చిన్న మార్పుల్నే లెక్కలోకి తీసుకోదు.

అందుకే ఇలాంటి ఆల్బమ్‌ల మీద సాధారణంగా ‘సంప్రదాయ గీతం, కూర్పు ఫలానా’ అని ఉంటుంది. పాట ఎవరిదీ కాదు, కూర్పు కూర్చినవారిది, రికార్డింగ్ దాన్ని తీసిన సంస్థది. ఎవరైనా ‘ఓ మేరీ డోంట్ యు వీప్’ పాడుకోవచ్చు, స్ప్రింగ్‌స్టీన్ రికార్డును మాత్రం సినిమాలో ఊరికే పెట్టుకోలేరు. ‘సారంగ దరియా’ పాట సినిమాకెక్కినప్పుడు 2021లో రేగిన వివాదం కూడా ఈ మెలిక చుట్టూనే తిరిగింది. పాట జనానిదైతే, దాన్ని వెలికి తెచ్చి పాడినవారికి దక్కేది ఏమిటి?

ఈ గీత దాటినవారి కథలు రాక్ చరిత్రలో చాలానే ఉన్నాయి. విల్కిన్స్ ‘ప్రాడిగల్ సన్’ను రోలింగ్ స్టోన్స్ 1968లో పాడినప్పుడు తొలి రికార్డుల మీద రచయితలుగా ఆ బృందంలోని జాగర్, రిచర్డ్స్ పేర్లే ఉన్నాయి. రాబర్ట్ జాన్సన్ బ్లూస్ పాటలు రెండింటిని వారు వాడిన విషయంలో, అవి ఎవరికీ చెందని పాటలు కావని 2000లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. పాతది అన్న మాటకు అనాథ అన్న అర్థం లేదు.

విడుదలైన ఐదు రోజులకు

ఆల్బమ్ వచ్చిన ఐదు రోజులకు, 2006 ఏప్రిల్ 30న, స్ప్రింగ్‌స్టీన్ బృందం న్యూ ఆర్లీన్స్ జాజ్ ఉత్సవంలో పాడింది. కత్రినా తుపాను తర్వాత ఆ నగరంలో జరిగిన మొదటి జాజ్ ఉత్సవం అది. 2005 ఆగస్టు 29న గట్లు తెగి నగరంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీట మునిగింది. చాలా ఇళ్లు ఇంకా పాడుపడే ఉన్నాయి.

కచేరీ ‘ఓ మేరీ డోంట్ యు వీప్’తో మొదలైంది. బైబిల్‌లోని ఈజిప్టు రాజు ఫరో సైన్యం నీటిలో మునిగిందని, ఇక ఏడవకు మేరీ అని ఓదార్చే పాట. బానిసలు పాడినప్పుడు ఫరో అంటే యజమాని. మునిగిన నగరంలో అదే పాటకు నీరు శత్రువైంది, ఓదార్పు నిజమైన ఓదార్పు అయింది. ఒక్క మాట మార్చకుండా పాట అర్థం తిరగబడింది.

ఇంకో పాటలో మాటలే మార్చారు. బ్లైండ్ ఆల్ఫ్రెడ్ రీడ్ 1929లో ఆర్థిక మాంద్యం తొలి రోజుల్లో రికార్డు చేసిన పాట, ఇలాంటి కాలంలో పేదవాడు ఎలా బతకాలని అడుగుతుంది. స్ప్రింగ్‌స్టీన్ అందులో మాయ మాత్రలిచ్చే డాక్టరు చరణం ఉంచి, నగరం గురించి కొత్త చరణాలు కట్టారు. దాన్ని చోద్యం చూస్తూ నిలబడ్డ అధ్యక్షుడికి అంకితమన్నారు. ఆల్బమ్ మొదటి ముద్రణలో ఈ పాట లేదు, అక్టోబరులో వచ్చిన విస్తృత ముద్రణలో చేర్చారు. రికార్డింగ్ గదిలో సరదా కాలక్షేపంగా మొదలైన పని ఒక్క మధ్యాహ్నంలో వేరే బరువు తెచ్చుకుంది.

అటు అవార్డు, ఇటు అడగని ప్రశ్న

2007లో ఈ ఆల్బమ్‌కు ఉత్తమ సంప్రదాయ జానపద ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. పాత పాటల సంతకు అప్పటికే దారి పడి ఉంది. 2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా పాటలు 2002లో ఏడాది మేటి ఆల్బమ్ గ్రామీ గెలిచాయి. ప్లాంట్, గాయని అలిసన్ క్రాస్ కలిసి చేసిన 2007 ఆల్బమ్ ‘రెయిజింగ్ శాండ్’ 2009లో అదే బహుమతి అందుకుంది.

స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ పక్కన పెట్టేసిన ప్రశ్న మొదటి పాటలోనే ఉంది. ‘ఓల్డ్ డాన్ టకర్’ 1843లో డాన్ ఎమ్మెట్ పేరుతో అచ్చయింది. తెల్లవారు ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల్లో అది ప్రధాన పాట. వెక్కిరింపు మాటలు కాలక్రమంలో రాలిపోయి పిల్లల పాటగా మిగిలింది. జానపద పద్ధతి చెడును కడుగుతుంది, కడిగిన గుర్తు కూడా లేకుండా చేస్తుంది. బాంజో కథా అంతే. ఆఫ్రికా వారసత్వంతో వచ్చిన వాద్యం, ఇరవయ్యో శతాబ్దానికి తెల్ల రైతు వాద్యంగా స్థిరపడింది.

ఈ ఖాళీని నింపింది వేరేవాళ్లు. 2005లో ఉత్తర కెరొలైనాలో జరిగిన నల్లజాతి బాంజో కళాకారుల సమ్మేళనం తర్వాత రియానన్ గిడెన్స్, మిత్రులు ‘కెరొలైనా చాక్లెట్ డ్రాప్స్’ బృందం కట్టారు. జో థామ్సన్ అనే వృద్ధ ఫిడేలు వాద్యకారుడి ఇంటికి వెళ్లి నేర్చుకున్నారు. స్ప్రింగ్‌స్టీన్‌కు దక్కిన గ్రామీయే 2011లో వారి ఆల్బమ్‌కూ దక్కింది. రెండూ పక్కపక్కన వింటే తేడా తెలుస్తుంది. ఒకటి పాటను సందడిలోకి తెస్తుంది, రెండోది ఆ పాట ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చెబుతుంది.

స్ప్రింగ్‌స్టీన్ బృందం 2006 నవంబరులో డబ్లిన్‌లో మూడు రాత్రులు పాడింది. అది మరుసటి ఏడాది ఆల్బమ్‌గా వచ్చింది. అందులో ‘మిసెస్ మగ్రాత్’ ఉంది: యుద్ధానికి వెళ్లి రెండు కాళ్లూ పోగొట్టుకుని వచ్చిన కొడుకును చూసిన ఐరిష్ తల్లి పాట. పాత పాఠంలో ఆమె, ఫ్రాన్స్ రాజూ అతని నౌకాదళమూ నాకెందుకు, నా కొడుకు మునుపటిలా ఉంటే చాలు అంటుంది. ఇరాక్ యుద్ధం సాగుతున్న ఆ ఏడాది స్ప్రింగ్‌స్టీన్ ఫ్రాన్స్‌ను తీసేసి అమెరికా రాజు అని పాడారు. అమెరికాకు రాజు లేడు. డబ్లిన్ సభలో ఎవరూ ఆ సందేహం అడిగినట్టు రికార్డులో వినిపించదు.